నేలమీది దీవి

పోయిన దసరాకు మానుకోటనుండి మా తమ్ముడును, భూపాలపల్లినుండి మా చెల్లెలును పిల్లలతో జనగామకు వచ్చిరి. భోజనములైన పిమ్మట అందరమును వసారాలో కూర్చుండి యుండగా, పండ్రెండేండ్ల మా మేనల్లుడు తాను చదివిన యొక కథను చెప్పనారంభించెను. ఏదో సముద్రములో ఒక దీవియట. దానిని పరాయి ప్రభువు లేలుచుండిరట. చరిత్రలో ఎన్నడును జరుగని యొక స్వాతంత్ర్యయుద్ధము అచ్చట జరిగెనట. కథ ముగించి వాడు, "మామా, మన హైదరాబాదుకూడ అట్లే విడిగా నిలిచియున్నచో ఏమై యుండెడిది?" అని మమ్ము అడిగెను.

ప్రశ్న పిల్లవానిదే గాని త్రోసివేయదగినది కాదు. ఆ రాజ్యమును నొక దీవియే. చుట్టును నీటికి బదులు నేల యున్నది, అంతే భేదము. దాని వైశాల్యము 82,000 చదరపు మైళ్లకు పైమాట. 1941 లెక్కలలో జనసంఖ్య 1 కోటి 60 లక్షలకు మించినది. సముద్రమునకు దారి లేనందున ఆ ప్రభుత్వము పోర్చుగీసువారి గోవా రేవుపై ఆశ పెట్టుకొనెను. ఆంగ్లేయులు వెడలినంతనే తాను స్వతంత్రుడ నగుదునని 1947 జూన్‌లో నిజాము ఫర్మానా వెలువరించెను. ఆ నవంబరు 29న భారత ప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక, 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు, సెప్టెంబరు 13న సైన్యముల రాక, 17న లొంగుబాటు. నిజాము కోరిన స్వాతంత్ర్యపు కథ ఇంతే.

"సైన్యము రాకున్న మన గతి ఏమి?" అని తమ్ముడు వాదమునకు దిగెను. చెల్లెలు ఒప్పుకొనలేదు. "నీవు రాజుగారి స్వాతంత్ర్యమును గూర్చి చెప్పుచున్నావు. రైతుల యుద్ధము సైన్యము రాకమునుపే ఇచ్చట మొదలైనది కాదా?" అని యడిగెను. ఆమె మాట నిజము. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ కౌలుభూమిలో పండించిన పంటను విసునూరు దేశముఖు కాజేయబూనగా, సంఘమువారు ఆ ధాన్యమును ఆమె యింటికే చేర్చిరి. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలియయ్యెను. నిజాము లొంగిన పిమ్మట అవే సైన్యములు ఈ రైతుల దళములపైకి మరలెను. దళములు గోదావరి తీరపు అడవులు పట్టెను. 1951 అక్టోబరువరకు ఆ పోరు సాగినది. ఒకే దీవిలో రెండు స్వాతంత్ర్యములు. ఒకటి సింహాసనమును గూర్చినది, రెండవది వెట్టిని గూర్చినది.

ఈ మాటలు జరుగుచుండగా, తొంబదికి చేరువయిన యొక ముదుసలి పండుగ మామూలుకై వచ్చి మెట్లక్రింద నిలువబడెను. మా తాత గ్రామమునకు పటేలు. ఆమె బాల్యమున తన తల్లితోకూడ మా యింటికి కూలి లేకయే నీళ్లు మోసినది. పిల్లవాడు ఆమెను పేరుతో పిలిచి, "నిజామే ఉంటే ఏమయ్యేదో నువ్వు చెప్పు" అనెను.

ఆమె నవ్వి, "ఎవ్వడుంటే ఏంది చిన్న పటేలా! కుండలు మోసింది మేమే గద" అనెను.

మాలో ఎవ్వరికిని నోరు పెగలలేదు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. పటేలుగిరి 1980వ దశాబ్దములోనే పోయినది. మేము సభలలో సంస్కరణమును గూర్చి ఉపన్యసించువారము. అయినను మనుమరాలి వయసుగల మా చెల్లెలికి ఆమె దండము పెట్టును. మనుమని మనుమని వయసుగల బాలుడు ఆమెను నువ్వనును. మేము దానిని ఇంతకాలము వినియు వినకుంటిమి. జరుగని యుద్ధములను ఊహించుట వినోదమే. జరిగిన యుద్ధములో మన గడపవద్ద నిలిచిపోయిన దేమో చూచుకొనుట మాత్రము వినోదము కాదు. చదువరులారా, మీ వసారాలలోను ఒకసారి చెవియొగ్గి వినుడు.

మేము కుర్చీ తెప్పించితిమి. ఆమె కూర్చుండలేదు, మెట్టుపైననే చతికిలబడెను. చెల్లెలు దిగిపోయి ఆమె ప్రక్కన కూర్చుండెను. మేము పిల్లవానిని దగ్గరకు పిలిచి, ఆమెను ఏమని పిలువవలయునో చెప్పితిమి. వాడు కొంత సిగ్గుపడి, "అవ్వా" అని పిలిచెను.

"ఏంది చిన్న పటేలా?" అని ఆమె పలికెను.