పెళ్లిపీటల మీద రక్తపిశాచి

2006లో అమెరికాలో పి. ఎన్. ఎల్‌రాడ్ సంపాదకత్వాన వెలువడిన ‘మై బిగ్ ఫాట్ సూపర్‌నాచురల్ వెడ్డింగ్’ చదివాను. తొమ్మిదిమంది రచయితలు, తొమ్మిది కథలు. అన్నిటా పెళ్లి, అన్నిటా మానవాతీత శక్తులు.

కాలక్షేపమని తోసిపుచ్చవచ్చు. కాని రక్తపిశాచి మనకు కొత్త కాదు. సజీవశ్రమను పీల్చి బతికే పెట్టుబడిని మార్క్స్ 1867లోనే దానితో పోల్చాడు. 1897 నాటి స్టోకర్ డ్రాక్యులా కోటగల ప్రభువు. లండన్‌లో ఇల్లు కొంటాడు. ఆ పీల్చే జాతి ఇప్పుడు పెళ్లిపీటలెక్కింది! పీడకుణ్ణి వలచడం నేర్పే సాహిత్యమిది అనిపించక మానదు.

జిమ్ బుచర్ కథ పెళ్లిబట్టలు కట్టిన డిటెక్టివ్ కథ, చదివిస్తుంది, అంతే. షార్లేన్ హారిస్ కథ వేరు. అందులో వధువు రక్తపిశాచి, వరుడు తోడేలుమనిషి. ఆ రెండు జాతులకూ పడదు. రచయిత్రి హాస్యంగానే నడిపింది గాని, ద్వేషాన్ని దాచలేదు.

మన చదువరికి ఆ ద్వేషం కల్పన కాదు. 2018లో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. ఆ ప్రాంతపు పిల్లలున్న తరగతిలో ఈ కథ చెప్పాను. కోరల గురించి ఎవరూ అడగలేదు. వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి, “పెళ్లికి పెద్దలు వచ్చారా మాస్టారూ?” అంది.