యార్డు దారిలో మా సినిమా హాలు

గుంటూరు మిర్చి యార్డు నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో, ఊరి చివర ఒక పాత సినిమా హాలుండేది. దాని పేరు రాయడం లేదు. ఎందుకో కిందికి వస్తే మీకే తెలుస్తుంది. 1990లో మేము ఇంటర్‌లో చేరినప్పుడు మా హాస్టల్ నుంచి అది నడిచి వెళ్లే దూరం. మాలో ఎరుకలోళ్లు, యానాదులు, సుగాలీలు ఉండేవాళ్లం, నల్లమల వైపు నుంచి వచ్చిన చెంచు కుర్రాళ్లు ఇద్దరు కూడా. ఎరుకల భాష సుగాలీలకి రాదు, సుగాలీ మాట ఎరుకలోళ్లకి రాదు. సినిమా డైలాగులు మాత్రం అందరికీ నోటికి వచ్చు.

కొత్త సినిమాలు టౌన్లో ఆడేవి. నాజ్ సినిమా పేరు మీద ఏకంగా నాజ్ సెంటరే ఉంది కదా, అలాంటి హాళ్లలో. అక్కడ ఆడి ఆడి, తెర మీద వాన కురిసినట్టు గీతలు పడ్డాక ఆ ప్రింటు మా హాలుకి వచ్చేది. టికెట్ తక్కువ కాబట్టి మాకు అదే బాగుండేది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా హాలు చూడాలి. యార్డులో టిక్కీలు గుట్టలుగా దిగే రోజులు. ముఠా కూలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు, తాలుకాయ ఏరేవాళ్లు, పల్నాడు తండాల నుంచి కాయ కోతకి దిగిన మా సుగాలీ అక్కలు, రేటు కుదరక రాత్రికి ఆగిపోయిన రైతులు, అందరూ అక్కడికే వచ్చేవాళ్లు. ఎవరి బట్టలు దులిపినా కారమే. ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట అయిపోయి, తెర లేచి, ఫ్యాన్లు తిరగడం మొదలవగానే నేల క్లాసులో ఒక దగ్గు మొదలయ్యేది. అక్కణ్ణుంచి బెంచీకి, బెంచీ నుంచి కుర్చీకి, చివరికి బాల్కనీకి. టికెట్టులో ఉన్న తేడా ఘాటుకి లేదు. హీరో మొదటి డైలాగు తుమ్ముల్లో పోయేది. అది వినడానికే రెండోసారి వెళ్లామని మావాళ్లు కొందరు చెప్పుకునేవారు, నమ్మకండి.

ఆపరేటర్‌ని మంచి చేసుకుని పైగదిలోకి కూడా వెళ్లాం. రెండు కార్బన్ కడ్డీల మధ్య వెల్డింగు లాంటి వెలుగు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుందని, పదహారు రీళ్లంటే మూడు గంటల సినిమా అని ఆయన దగ్గరే నేర్చుకున్నాం. ఫిజిక్స్ లెక్చరర్ కంటే బాగా చెప్పాడు.

హాస్టల్లో రాత్రి ఎనిమిదింటికి వార్డెన్ గారు రిజిస్టర్ తీసి పేర్లు పిలిచేవారు. హాజరు అయ్యాక గోడ దూకి సెకండ్ షోకి వెళ్లడం మా అలవాటు. ఒకరోజు స్టువర్టుపురం నుంచి మావాడి తాత వచ్చి హాస్టల్లోనే పడుకున్నాడు. పేర్లు పిలుస్తుంటే అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"ఏరా, మీకూ హాజరేనా?"

"అవును తాతా, రోజూ."

"మాకూ ఉండేదిరా. పలక్కపోతే ఠాణాకే."

ఆ రాత్రి ఎవరూ గోడ దూకలేదు. తాత చెబుతుంటే విన్నాం. 1871లో బ్రిటిషువాళ్లు చేసిన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. తర్వాత సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన సెటిల్మెంటే స్టువర్టుపురం. గవర్నర్ కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి. పుట్టిన కులమే నేరం. బయటికి పోవాలంటే చీటీ కావాలి, రాత్రి హాజరు పలకాలి. బెజవాడలో మారుతీ టాకీస్ 1921లోనే వచ్చింది, 1932లో తెలుగు సినిమాకి మాటలొచ్చాయి. తాతకి మాత్రం సినిమా అంటే చీరాల వైపు పొలాల్లో వేసిన టూరింగ్ టాకీసు డేరా నుంచి గాలివాటున వచ్చే పాటే. "బొమ్మ చూడలా, చప్పుడు విన్నా" అన్నాడు. హాజరు పలకాల్సినవాడికి సెకండ్ షో ఎక్కడిది?

ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో తీసేసింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని బదులు అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది, అది వేరే కథ. తాత తన డబ్బుతో టికెట్ కొని, నేల మీద కూర్చుని, అర్ధరాత్రి నడిచి ఇంటికొచ్చింది ఆ తర్వాతే. ఏ సినిమా అని అడిగితే గుర్తులేదన్నాడు. దారిలో ఎవరూ ఆపలేదన్నది మాత్రం గుర్తుంది.

1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' వచ్చింది. చిరంజీవి హీరో, యండమూరి దర్శకుడు. మా హాలుకి వచ్చేసరికి ఎండాకాలం. మేమంతా కలిసి వెళ్లాం. గేటు దగ్గర టికెట్లు చించే మనిషికి మావాడి ఊరు తెలుసు. "జేబులు జాగ్రత్త సార్, స్టువర్టుపురం బ్యాచ్ దిగింది" అన్నాడు గట్టిగా. లైనంతా నవ్వింది. మావాడు కూడా నవ్వాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు, ఇంటర్వెల్లో గోలీసోడా తాగాడు, ఆఖరి దాకా చూశాడు. ఆ తర్వాత చదువు అయ్యేదాకా ఆ హాలుకి మాతో రాలేదు. రమ్మని మేమూ ఒత్తిడి చేయలేదు.

అదే హాల్లో 'అల్లూరి సీతారామరాజు' కూడా చూశాం. 1974 సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్. మళ్లీ మళ్లీ వేసేవాళ్లు. కృష్ణ గారు కనిపిస్తే ఈలలే ఈలలు, మేమూ వేశాం. కానీ తెర మీద మనవాళ్లు ఎక్కువగా రాజు వెనక విల్లంబులతో నిలబడేవాళ్లే. ఆ వెనక నిలబడ్డవాళ్లలో ఒకడైన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడని మాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. దేశమంతటా ఆ హాజరు చట్టం రద్దయిన ఏడే మనవాడు పార్లమెంటులో కూర్చున్నాడు. దాని మీద సినిమా రాలేదేం అని మాలో మేం ఇప్పటికీ అనుకుంటాం.

ఇప్పుడు ఆ హాలు గోడౌన్. రేకులు మారాయి, నేల క్లాసులో టిక్కీలు పేర్చారు, ప్రొజెక్టర్ బొక్కలు మాత్రం గోడకి అలాగే ఉన్నాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చినప్పుడు స్టువర్టుపురం వాళ్ల పరువు తీస్తున్నారని హైకోర్టులో పిటిషన్ పడింది. అది చదివి మావాడికి ఫోన్ చేశాం. "లైన్లో నిలబడి నవ్విన రోజుల కంటే ఇది నయం కదరా" అన్నాడు. వాడి కూతురు ఇప్పుడు లా చదువుతోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇళ్లల్లో ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే, మొదటిసారి ఏ హాల్లో, ఏ ఆట చూశారో, ఇంటికి ఎన్నింటికి చేరారో అడిగి రాయండి. చీటీలు, పాసులు ఏవైనా పెట్టెల్లో ఉంటే పారేయకండి, ఫోటో తీసి పెట్టండి. ఎండలు ముదరకముందే అడగండి.