క్వై నది ఒడ్డున పరంగుల పల్లె

వంతెన చూద్దామని వెళ్ళాను. మనుషుల్ని చూసి వచ్చాను.

వంతెనంటే అలాంటిలాంటి వంతెన కాదు. 'బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై'! డేవిడ్ లీన్ 1957లో తీసిన సినిమా. అలెక్ గిన్నిస్‌కి ఉత్తమ నటుడి బహుమతితో కలిపి ఏడు ఆస్కార్లు మూటగట్టుకున్న సినిమా. చిరిగిన బట్టలతో, అరిగిన బూట్లతో బ్రిటిష్ ఖైదీలు ఈల వేస్తూ కవాతు చేసుకొచ్చే సీను ఒక్కసారి చూసినవాడు జన్మలో మరిచిపోడు. ఆ వంతెన వున్న ఊరు థాయ్‌లాండులోని కాంచనబురి. మన నోట్లో పడితే కాంచనపురి! పేరు వింటే విఠలాచార్య సినిమాలో రాజకుమారి వుండే రాజ్యంలా లేదూ?

తీరా వెళ్ళాక తెలిసిన సంగతులు రెండు. ఆ షూటింగు అక్కడ జరగనే లేదు. సిలోన్‌లో కితుల్గల అనే చోట కొయ్య వంతెన కట్టి, షూటింగయ్యాక కాదు, షూటింగులోనే రైలుతో సహా పేల్చేశారు. రెండో సంగతి ఇంకా తమాషా. యుద్ధంలో నిజం వంతెన కట్టింది మే క్లాంగ్ నది మీద. నవల రాసిన ఫ్రెంచి రచయిత పియర్ బూల్ దాన్ని క్వై అని రాసేశాడు. సినిమా చూసిన జనం ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి "క్వై ఏదీ, క్వై ఏదీ" అని అడగడం మొదలెట్టారు. 1960 ప్రాంతంలో థాయ్‌లాండు వాళ్ళు ఆ నది పేరే 'క్వై యై' అని మార్చేశారు! సినిమా కోసం హీరోయిన్ల పేర్లు మార్చడం ఎరుగుదుం గాని, నది పేరు మార్చడం ఇక్కడే విన్నాను.

నేను వెళ్ళింది 2024 వానాకాలంలో. బాంకాక్‌లో తోన్‌బురి స్టేషన్లో పొద్దున్నే థర్డ్ క్లాసు బండెక్కాను. పరదేశులకి టికెట్టు 100 బాత్‌లు. కిటికీకి అద్దం లేదు, పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, బుట్టల్లో కోడికూర, అన్నం అమ్ముకుంటూ ఆడవాళ్ళు. మన పాసింజరు బండే! మూడు గంటలకి కాంచనబురిలో దిగాను. మన తెనాలి కంటే చిన్న ఊరు.

వంతెన చూడటానికి అరగంట చాలు. నల్లటి ఇనప కమానులు, మధ్యలో రెండు మాత్రం కోణాలు తేలిన పట్టీలు. 1945లో బాంబులకి కూలిన చోట తర్వాత అతికినవి. ఫోటోలు తీసుకున్నాను. ఇక మిగతా ఎనిమిది రోజులూ ఏం చెయ్యాలి? వాన. నది ఒడ్డున గెస్ట్‌హౌస్ గదిలో కూచుంటే తోచదు. ఆ సాయంత్రం గొడుగేసుకుని మే నామ్ క్వై రోడ్డున పడ్డాను. అక్కడే తగిలింది ఈ పరంగుల పల్లె.

తెల్లవాణ్ణి థాయ్ వాళ్ళు 'ఫరంగ్' అంటారు. మన తాతలు 'పరంగివాడు' అన్నదీ ఆ మాటే. వాళ్ళకి జామకాయ కూడా ఫరంగే. తెల్లవాడు జామకాయ కొరుకుతూ కనిపిస్తే చాలు, ఫరంగ్ ఫరంగ్‌ని తింటోందని పిల్లలు పగలబడి నవ్వుతారు. మరి మనల్నేమంటారు? 'ఖేక్' అంటారు. అతిథి అని అర్థం. అనే గొంతుని బట్టి అది మర్యాదా కావచ్చు, చురకా కావచ్చు.

ఆ రోడ్డు మీద ఒక చిన్న బారు. నాలుగు బల్లలు, ఒక పూల్ బల్ల, గోడ నిండా పాత ఫోటోలు. అందులో కూచున్నవాళ్ళంతా యాభై దాటినవాళ్ళే. ఇంగ్లండ్‌లో బస్సు నడిపి రిటైరైన పెద్దాయన ఒకరు. ఆస్ట్రేలియాలో ఎలక్ట్రీషియన్ పని చేసినాయన ఇంకొకరు. ఒక హాలెండ్ మేష్టారు. వీళ్ళెవరూ టూరిస్టులు కారు. ఇక్కడ కాపురాలున్నవాళ్ళు.

వాళ్ళ దినచర్య చెబుతాను వినండి. తెల్లారి ఆరింటికి మార్కెట్లో 'జోక్' తాగుతారు. జోకంటే హాస్యం కాదు, మన గంజిలాంటి బియ్యపు జావ. అందులో ఇంత అల్లం, ఒక గుడ్డు. ఎదురుపడిన థాయ్ ముసలమ్మ "అన్నం తిన్నావా?" అని పలకరిస్తుంది. అక్కడ కుశల ప్రశ్న అదే, అచ్చం మన ఊళ్ళలో లాగానే! పదింటికి ఎండ ముదిరితే ఇంటికి. సాయంత్రం అయిదింటికి బారు దగ్గర సభ. మంగళవారం పూల్ పోటీ, గురువారం క్విజ్, ఆదివారం మాంసం కాల్చి, బంగాళదుంపలతో ఇంగ్లీషు భోజనం. పాత నవలలు ఇచ్చిపుచ్చుకోవడానికో బీరువా. ఎవరి మోటారుసైకిలు అమ్మకానికుందో, ఎవరి కుక్క పిల్లల్ని పెట్టిందో రాసే పలక.

తగవులూ వున్నాయండోయ్! పూల్ ఆటలో బంతి కదిలిందా లేదా అన్న దాని మీద ఇద్దరికి ఏడాదిగా మాటల్లేవు. ఇద్దరూ రోజూ వస్తారు. ఒకే బల్ల దగ్గర కూచుంటారు. ఒకరికి ఉప్పు కావలిస్తే మూడో మనిషిని అడుగుతారు. మన ఊరి రచ్చబండ గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

భార్యల బల్ల వేరు. థాయ్ ఇల్లాళ్ళంతా ఒక పక్క చేరి, పచ్చి బొప్పాయి కోరు కారంగా దంచుకు తింటూ లోకాభిరామాయణం. మొగుళ్ళకి థాయ్ భాష అంతంత మాత్రం. 'మా' అనే ఒక్క మాటని ఒక రాగంలో అంటే రావడం, ఇంకో రాగంలో గుర్రం, మరో రాగంలో కుక్క! ఇరవై ఏళ్ళుగా వున్న పెద్దాయన ఇప్పటికీ అత్తగారిని రమ్మని పిలవడానికి జంకుతాడట.

పైకి చూస్తే ఇంద్రభోగం. రెండు రోజులు కూచుని వింటే లోపలి సంగతి తెలుస్తుంది.

రిటైరైనవాడు అక్కడ ఏడాదికేడాది వుండాలంటే యాభై ఏళ్ళు నిండాలి. థాయ్ బాంకులో 8 లక్షల బాత్‌లు చూపించాలి, లేదా నెలకి 65 వేల రాబడి చూపించాలి. 90 రోజులకోసారి "నేనింకా ఇక్కడే వున్నాను బాబూ" అని ఇమిగ్రేషన్ ఆఫీసుకి చెప్పుకోవాలి. పరదేశి పేర భూమి వుండదు. అందుకే ఇల్లు భార్య పేర కడతారు. కాపురం బాగున్నన్నాళ్ళూ ఇల్లు ఇద్దరిదీ. చెడిందా, సూట్‌కేసు ఒక్కటే తనది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంగ్లీషువాళ్ళది. బ్రిటన్ వృద్ధాప్య పెన్షన్ స్వదేశంలో వున్నవాళ్ళకి ఏటేటా పెరుగుతుంది. థాయ్‌లాండులో వున్నవాళ్ళకి మొదట ఎంత వచ్చిందో చచ్చేదాకా అంతే. పైగా 2006లో పౌనుకి 70 బాత్‌ల దాకా వచ్చేవి. నేను వెళ్ళేనాటికి 45 వస్తున్నాయి. "నేను వచ్చినప్పుడు జమీందారుని. ఇప్పుడు కౌలుదారుని" అన్నంత అర్థంలో ఏదో అని నవ్వాడు పెద్దాయన. ఆయన గ్లాసులో సోడా తప్ప మరేమీ లేదని అప్పుడు గమనించాను.

"తిరిగి వెళ్ళిపోకూడదూ?" అన్నాను.

"ఎవరి దగ్గరికి?" అన్నాడు.

గురువారం క్విజ్‌లో నన్నూ కూచోబెట్టారు. అదృష్టం చూడండి, ఆ సినిమా షూటింగు ఎక్కడ జరిగిందన్న ప్రశ్న వచ్చింది. సిలోన్ అన్నాను. ఆ ఊళ్ళో అది తెలియనివాడు లేడట గాని, కొత్తవాణ్ణని చప్పట్లు కొట్టారు. బహుమతి ఒక బిస్కట్ల పొట్లం. ఆ తర్వాత పెద్దాయన కౌంటరు కింద నుంచి ఒక నీలం అట్ట నోటుబుక్కు తీశాడు.

"పేరు చెప్పు అబ్బాయ్. పూర్తి పేరు. ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి? రక్తం ఏ గ్రూపు?"

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. కొన్నేళ్ళ క్రితం వాళ్ళలో ఒకాయన గదిలోనే పోయాడు. మూడు రోజులకి గాని తెలియలేదు. పదకొండేళ్ళు కలిసి పూల్ ఆడారు, అందరూ ముద్దుపేరుతో పిలిచారు. తీరా పోలీసులు అసలు పేరు అడిగితే ఒక్కడూ చెప్పలేకపోయాడు! పిల్లలెవరో, ఏ ఊళ్ళో వున్నారో తెలియదు. కాగితాలు వచ్చేదాకా శవం రెండు నెలలు ఆసుపత్రిలో వుండిపోయింది. ఆఖరికి తలా కొంత వేసుకుని గుడిలో దహనం చేయించారు. ఆ మర్నాడే ఈ పుస్తకం కొన్నారు.

ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క మనిషి. పాస్‌పోర్టులో పేరు, బంధువు ఫోన్ నెంబరు, తినకూడని మందులు, పోతే ఏ గుడిలో దహనం చెయ్యాలి, కుక్కని ఎవరికివ్వాలి. రక్తం గ్రూపు మాత్రం ఎర్ర సిరాతో. ఎందుకంటే ఆర్‌హెచ్ నెగటివ్ రక్తం తెల్లవాళ్ళలో నూటికి పదిహేను మందికి వుంటే, థాయ్ వాళ్ళలో వెయ్యికి ముగ్గురికి. ఒక అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కాన్పులో ఒక థాయ్ పిల్లకి ప్రాణం మీదకొచ్చింది. ఎర్ర సిరా చూసి ఆస్ట్రేలియా ఆయన్ని లేపారు. రబ్బరు చెప్పులతోనే పరిగెత్తాడు. తల్లీ బిడ్డా దక్కారు. ఇప్పుడు ఏటా మామిడిపళ్ళ కాలంలో ఆ ఇంటి నుంచి ఆయనకో గంప వస్తుంది.

నా గ్రూపు బి పాజిటివ్ అన్నాను. "అది ఇక్కడ బోలెడుంది, నీతో పన్లేదు" అని అందరూ నవ్వారు. అయినా రాసుకున్నారు. అమ్మ ఫోన్ నెంబరిచ్చాను. తొమ్మిది రోజులుండి పోయేవాడికి కూడా ఒక పేజీ!

ఈ పుస్తకం ఈ ఊళ్ళోనే ఎందుకు పుట్టిందో మర్నాడు అర్థమయింది. పెద్దాయన వారానికోసారి యుద్ధ శ్మశానానికి వెళతాడు. నన్నూ తీసుకెళ్ళాడు. రైల్వే స్టేషన్‌కి దగ్గరే. పచ్చటి గడ్డి, వరసలు వరసలుగా దాదాపు 7 వేల సమాధులు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ ఖైదీలవి. చాలా రాళ్ళ మీద పేరు, వయసు, ఇంటివాళ్ళు రాయించిన ఒక మాట. ఇరవై రెండు, ఇరవై అయిదు, పంతొమ్మిది... 1942లో మొదలెట్టి 1943 అక్టోబరుకల్లా 415 కిలోమీటర్ల రైలు దారి వేయించింది జపాను సైన్యం. ఆ దారి మీద 12 వేల మందికి పైగా ఖైదీలు పోయారు. "వీళ్ళు బలవంతాన వచ్చారు, మేం కోరి వచ్చాం. కానీ ఆఖరికి వుండేది ఒకే మట్టిలో" అన్నాడాయన.

అప్పుడడిగాను. "మరి మావాళ్ళెక్కడ?"

"మీవాళ్ళా?"

ఆయనకి తెలియదు. నేనూ చదివి తెలుసుకున్నదే. ఆ దారి వేసినవాళ్ళలో ఖైదీల కంటే ఆసియా కూలీలే ఎక్కువ. రెండు లక్షల వరకూ వుంటారు. పోయినవాళ్ళు 70 వేలు దాటారని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకొచ్చిన తమిళులున్నారు, మన తెలుగువాళ్ళూ వున్నారు. విశాఖ వైపు నుంచి, గోదావరి వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని మలయా వెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మంచి కూలి ఇస్తామని కొందరిని తెచ్చారు. రానివాళ్ళని ఎలా తెచ్చారో తెలుసా? ఊరికే సినిమా చూపిస్తామన్నారు! జనం వచ్చి హాలు నిండాక తలుపులు మూసి, మగవాళ్ళని అటునుంచటే రైలెక్కించారు. సినిమా పత్రికలకి రాసుకు బతికే నాకు ఆ సంగతి చదివినప్పటి నుంచీ గొంతులో ముల్లులా వుండిపోయింది. ఏడు ఆస్కార్ల సినిమాలో ఆ కూలీల కథ లేదు.

ఆ శ్మశానానికి దగ్గర్లోనే ఒక వియత్నామీ బౌద్ధాలయముంది. వాత్ తావోర్న్ అంటారు. ఆసియా కూలీల ఎముకలు పూడ్చిన చోటు అక్కడుంది. ఇద్దరం నడిచి వెళ్ళాం. పేర్లు లేవు. ఏ అప్పలస్వామి వున్నాడో, ఏ నరసయ్య వున్నాడో చెప్పేవాడు లేడు. వాళ్ళకి నీలం అట్ట పుస్తకం ఎవరూ కొనలేదు.

పెద్దాయన టోపీ తీసి నిలబడ్డాడు. చాలాసేపటికి, "ఇరవై ఏళ్ళుగా ఈ గోడ పక్క నుంచే మార్కెట్‌కి వెళుతున్నాను" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. పూలమ్మే అమ్మాయి దగ్గర రెండు మల్లెదండలు కొని, ఒకటి నా చేతికిచ్చాడు.

నేను బయలుదేరే రోజు స్టేషన్‌కి ముగ్గురొచ్చారు. అందులో ఆ మాటల్లేని ఇద్దరూ వున్నారు, చెరో చివర నుంచుని. పెద్దాయన చెప్పాడు, వారంవారం శ్మశానానికి వెళ్ళినప్పుడు ఆ గుడికీ వెళతానని. నీలం పుస్తకంలో చివరి పేజీ ఆ కూలీల పేర వదిలాడట. "పేర్లు తెలియకపోతేనేం, పేజీ వుంది" అన్నాడు.

బండి కదిలింది. కాసేపటికి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తగానే అడిగింది ఒకటే మాట.

"అన్నం తిన్నావురా?"