తప్తపాణి దారిలో

బరంపురం నుంచి తప్తపాణి సుమారు 50 కిలోమీటర్లు. పాత టూరింగు మోటారు సైకిలు కొన్న కొత్తలో మా ఆవిడను వెనుక కూర్చోబెట్టుకొని బయలుదేరాము. దిగపహండి దాటేవరకు బాగానే సాగింది. ఘాటీలో మాత్రం పిడి వదిలినా ఇంజను రొద తగ్గదు. మరుక్షణం అదే ఆగిపోతుంది. ఒక మలుపులో అలాగే ఆగింది. వెనుకనే లారీ! గుండె ఝల్లుమన్నది.

అంతకుముందే రెండుసార్లు కార్బురేటరు విప్పించి డబ్బు తగలేశాము. అమ్మినవాడు మమ్మల్ని ముంచాడనే అనుకున్నాము.

బండి పక్కకు తీసి, చల్లారనిచ్చి, మళ్ళీ స్టార్టు చేశాము.

“ఏమండీ, ఏదో బుసకొడుతున్నది, వినండి” అన్నది మా ఆవిడ.

ఇంజను పీల్పుతో పనిచేసే సన్న రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే వేళ్ళతో నొక్కి చూచాము. ఒకదానిని నొక్కగానే ఇంజను కుదుటపడ్డది. దాని కొన పగిలి, అదనపు గాలి లోనికి పోతున్నది. గాలి హెచ్చి పెట్రోలు పలచబడితే ఇంజనుకు నిలకడ ఉండదు. పగులు మీద నీటిచుక్క వేస్తే చప్పున పీల్చుకున్నది. కొందరు పెట్రోలు చిమ్మి చూస్తారు. అది నిప్పుతో చెలగాటం.

పగిలినంత మేర కోసి, మిగిలిన గొట్టాన్ని బిగించాము. ఇల్లు చేరాక అదే లోకొలత గల, పెట్రోలుకు తాళే కొత్త గొట్టం వేశాము. మామూలు నీళ్ళ గొట్టమైతే వేడికి మెత్తబడి అణిగిపోతుంది.

ఆ పూట తప్తపాణి వేడినీటి గుండం దగ్గర కూర్చొని, అమ్మినవానిని తిట్టిన తిట్లన్నీ వెనక్కు తీసుకున్నాము. మా ఆవిడ చెవిని మెచ్చుకోకా తప్పలేదు.