చేతులు మారిన పుస్తకం

జూలూరుపాడులో కొత్తగూడెం బస్సెక్కే పుస్తకాల పిచ్చివాడు ముందు కిటికీ సీటు చూసుకుంటాడు. కండక్టరిచ్చిన టికెట్టు నేరుగా పుస్తకంలోకి పోతుంది, ఇకమీదట పేజీ గుర్తు అదే. ఏ సంవత్సరపు ముద్రణో చూస్తాడు, కాగితం వాసన పీలుస్తాడు. అప్పటికిగాని చదువు మొదలుకాదు.

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న పాత ప్రతి అది. ఎవరో ఎవరికో ఇచ్చిన పెళ్లి కానుకని లోపలి అట్ట మీద వెలిసిన సిరాతో రాసి ఉంది. ఆ పెళ్లింటి నుంచి ఇతని ఒళ్లోకి ఎలా వచ్చినట్టు?

కొన్ని పుస్తకాలను మనుషులే మోసుకొచ్చారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి ఒకప్పుడు హోటల్లో సర్వరు, తర్వాత ప్రూఫ్ రీడరు. నెత్తిన తట్ట పెట్టుకుని ఊరూరా పుస్తకాలమ్మాడు. నిజాం ఏలుబడిలో తెలుగు బడులే అరుదైన రోజులవి. ఆ తట్ట దింపించుకున్నవాళ్లు ఎవరో, ఏ దీపం వెలుగులో విప్పి చదువుకున్నారో!

మన పాఠకుడు అమ్మడు, అరువిస్తాడు. కేలండరు వెనక పేరు, తేదీ రాసుకుంటాడు. తిరిగిరానివాటి పేర్లు కొట్టెయ్యడు.

‘‘అన్నా, అది ఇంకా అయిపోలేదు గానీ, రెండో భాగం ఉందా?’’ అని వచ్చినవాడికి కుర్చీ చూపించి, అలమర తలుపు తీస్తాడు.