మొదటి రోజు నిల్వ

రేపల్లె పాసింజర్లో తెనాలి ప్రయాణం. ఒళ్లో సంచిలో రెండు పుస్తకాలు: అరువుది ఒకటి, సరుకు కొన్నది ఒకటి. మా కిరాణా కొట్టు అమ్మకం ఏడాదికి 40 లక్షలకు దగ్గరపడుతోంది. అది దాటితే జీఎస్టీ తప్పదు, ఈలోగా టాలీ నేర్చుకోమని ఆడిటరు గారి పోరు. యాభై రెండేళ్లకి మళ్లీ బడి!

భట్టిప్రోలు వచ్చింది. ఇక్కడి స్తూపంలో దొరికిన ధాతుపేటికల మీద నాటి నెగమ, అంటే వర్తక సంఘం, సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. రెండు వేల ఏళ్లు దాటినా ఆ జాబితా చదవొచ్చు. నా పుస్తకంలో పోయిన శ్రావణమాసం పేజీ నూనె పడి చదవరాకుండా పోయింది.

తెనాలిలో దిగి, కాలువ దాటి, ఓ మేడ మెట్లెక్కాను. నేర్పే అమ్మాయికి మా వాడి వయసుంటుంది. "బాబాయ్ గారూ, ముందు మౌస్ వదిలేయండి" అంది. ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 వసూలు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. గల్లా డబ్బు బ్యాంకులో వేస్తే ఖర్చు కాదు, ఎఫ్4. ఇంటికి పంపిన కందిపప్పు కూడా సొంత వాడకం కింద రాయాలట! బెంగుళూరులో గోయెంకా గారు తన వ్యాపారం లెక్కలకు సరైనది దొరక్క కొడుకు చేత రాయించుకున్న సాఫ్ట్‌వేరట ఇది, 1986లో. మావాడూ సాఫ్ట్‌వేరే. ఫోన్లో "ఈజీ నాన్నా" అని పెట్టేస్తాడు.

మీటలు గంటలో వచ్చేశాయి. చిక్కంతా మొదటి రోజు నిల్వ దగ్గర. గల్లాలో ఎంత, కొట్లో సరుకెంత, రావలసిందెంత, ఇవ్వవలసిందెంత? ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నానే, ఒక్కదానికీ తడుముకోకుండా చెప్పలేకపోయాను. పుస్తకాలు తిరగేసి, వేళ్లు మడిచి అన్నీ కొడితే, అడుగున 3,80,000 తేడా చూపించింది.

"అది మీ పెట్టుబడి బాబాయ్ గారూ. క్యాపిటల్ కింద మీ పేరున వేసేయండి."

వేశాను. కాస్త గర్వంగానే.

రాత్రి భోజనాల దగ్గర ఆ అంకె చెప్పాను. మా ఆవిడ మజ్జిగ పోస్తూ, "అందులో నా డ్వాక్రా యాభై వేలు ఉన్నాయా అండీ?" అంది.

నిరుడు దసరా సరుక్కి తెచ్చిచ్చిన డబ్బు. కిస్తీలు తనే కట్టుకుంటోంది. ఇంట్లో డబ్బుకి పద్దేమిటని ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు.

మర్నాడు మళ్లీ అదే పాసింజరు. నా పెట్టుబడి 3,30,000కి దిగింది. అప్పుల కింద కొత్త ఖాతా తెరిచి, పేరు దగ్గర 'ఇంటావిడ' అని కొట్టాను. ఆ అమ్మాయి చెయ్యి చాపి అది చెరిపేసి, "పిన్ని గారి పేరు చెప్పండి" అంది.