అద్దం పగిలితే... వారంటీ ఏమంటుంది?

తిరుపతి గాంధీ రోడ్డుకు దగ్గర్లోని ఓ సందు. పట్టుమని పదడుగులు లేని కొట్టు. బల్ల మీద టేబుల్ లైటు, భూతద్దం, చిన్న చిన్న స్క్రూలు పెట్టుకున్న ప్లాస్టిక్ డబ్బా. చంద్రగిరి నుంచి వచ్చిన ఓ తల్లి చేతిసంచిలోంచి తువ్వాలు తీసింది. తువ్వాలు విప్పితే అందులో ట్యాబ్. అద్దమంతా సాలెగూడు!

‘‘పిల్లోడు మంచం మీంచి కింద పడేసినాడన్నా. ఎంతవుతాది?’’

‘‘టచ్ పనిచేస్తా ఉందా అక్కా?’’

‘‘సగం చేస్తాది, సగం చెయ్యదు. అయినా దీనికి వారంటీ ఉండాది. కొనేటప్పుడు పన్నెండు వందలు జాస్తిగా కట్టినాం, రెండేళ్లకని’’ అంటూ మడతలు పడిన కాగితం ముందుకు జరిపింది.

కొట్టతను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘‘ఇది పగిలినదానికి రాదక్కా’’ అన్నాడు మెల్లగా.

పక్కనే నిలబడ్డ పిల్లాడు చెప్పుల వంక చూస్తున్నాడు.

ఇలాంటి సంభాషణలు తిరుపతిలో కొత్త కాదు. నగరంలో ఏ పెద్ద వీధిలోకి వెళ్లినా లడ్డూ సంచులు, రాగి చెంబులు, దేవుడి పటాలు అమ్మే దుకాణాల మధ్య సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఒకటి కనిపిస్తుంది. ఊరి జనానికి తోడు రోజూ వచ్చిపోయే యాత్రికులు వేలల్లో ఉంటారు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఒక చేతిలో నీళ్ల సీసా, మరో చేత్తో సెల్ఫీ... జారిందంటే రాతి మెట్టే గతి. ఆలయంలోకి ఫోన్లూ ట్యాబ్‌లూ అనుమతించరు కాబట్టి అక్కడిదాకా క్షేమంగా చేరినవాటిని కౌంటర్లో అప్పగించి లోపలికి వెళ్లాలి. కొందరైతే ఫోనునే స్వామికి సమర్పించేస్తారు. హుండీల్లో పడిన అలాంటి ఫోన్లను, వాచీలను తితిదే లాట్లుగా కట్టి ఈ-వేలం వేస్తుంటుంది. ఆ ప్రకటనల్లో ‘వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి’ అని రాసి మరీ అమ్ముతారు. కొనేవాళ్లూ ఉన్నారు. ఒకరికి పనికిరానిది ఇంకొకరి బల్ల మీద విడిభాగమవుతుంది కదా!

ఫోను ఇంటి పెద్ద జేబులో ఉంటుంది. ట్యాబ్ సంగతి వేరు. అది పిల్లల చేతిది. ఒకప్పుడు ట్యాబ్లెట్ అంటే మందుబిళ్లే. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాల పుణ్యమా అని అది పలకలాగా ఇంటింటికీ వచ్చేసింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్లకు పాఠాలు చెప్పే టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు పంచింది. మరుసటేడు మళ్లీ పంచింది. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లోనూ అలా పిల్లల సంచుల్లోకి ట్యాబ్‌లు చేరాయి. వాటికి మూడేళ్ల వారంటీ ఉంటుందనీ, పాడైతే ప్రధానోపాధ్యాయుడికో గ్రామ సచివాలయంలోనో అప్పగిస్తే వారంలో బాగుచేయించో, మార్చో ఇస్తామనీ అప్పట్లో చెప్పారు. సొంత డబ్బుతో కొనుక్కున్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు. వాళ్ల దిక్కు ఈ పదడుగుల కొట్టే.

పగిలిన ట్యాబ్ చేతికి రాగానే కొట్టతను ముందు చూసేది పగులును కాదు, వెలుగును. బొమ్మ శుభ్రంగా కనిపిస్తూ పైన గీతలే ఉంటే అద్దం మాత్రమే పోయినట్టు. సిరా ఒలికినట్టు నల్ల మచ్చలో, నిలువు చారలో కనబడితే లోపలి డిస్‌ప్లే కూడా పోయినట్టు. ఖర్చులో తేడా అంతా ఇక్కడే. తక్కువ ధర ట్యాబ్‌లలో పై అద్దం, దాని కింది డిస్‌ప్లే కొన్నిట్లో విడివిడిగా ఉంటాయి. అద్దం ఒక్కటే మార్చి చవగ్గా బయటపడొచ్చు. ఖరీదైనవాటిలో ఆ రెంటినీ పారదర్శకమైన జిగురుతో ఒకటిగా అతికిస్తారు. బొమ్మ అద్దం మీదే గీసినట్టు అందంగా కనిపిస్తుంది. పగిలిందా... మొత్తం మార్చాల్సిందే. కొట్ల భాషలో దాన్ని ‘కాంబో’ అంటారు.

ఇక శస్త్రచికిత్స. ట్యాబ్‌ను వేడి పలక మీద కాసేపు ఉంచుతారు. చుట్టూ ఉన్న జిగురు మెత్తబడగానే గిటారు మీటే బిళ్లలాంటి ప్లాస్టిక్ ముక్కను అంచులోకి దూర్చి, చుట్టూ నెమ్మదిగా తిప్పుతారు. తొందరపడితే రిబ్బను తీగ తెగుతుంది. తెరవగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ తీగ విప్పడం. ఆ తర్వాత గాజు పెంకులు ఏరాలి, పాత జిగురు గీకాలి. కొత్త తెరను అతికించక ముందే తగిలించి వెలిగించి చూడాలి. బాగుంటేనే జిగురు. చివర్లో క్లిప్పులో, రబ్బరు బ్యాండ్లో వేసి కొన్ని గంటలు కదపకుండా పెట్టాలి. ‘అరగంటలో ఇచ్చేస్తా’ అన్నవాడికన్నా ‘రేపు రండి’ అన్నవాడే నయం.

మరి కొత్త తెర ఎక్కడి నుంచి వస్తుంది? తమాషా అంతా అక్కడే ఉంది. రేణిగుంట దాటి ఏర్పేడు మండలం వికృతమాల వైపు వెళ్తే ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్ ఉంది. 2018 డిసెంబరులో టీసీఎల్ సంస్థ టీవీలకు, ఫోన్లకు తెరలు తయారుచేసే ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది అక్కడే. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో 2015 నుంచే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్లు తయారయ్యాయి. లిథియం బ్యాటరీ సెల్స్ తయారుచేసే మునోత్ కర్మాగారం 2022 సెప్టెంబరులో తిరుపతిలోనే మొదలైంది. ఇన్ని ఉన్నా పగిలిన ట్యాబ్‌కు తెర కావాలంటే మాత్రం చెన్నై రిచీ స్ట్రీటు వైపు చూడాల్సిందే! ఫ్యాక్టరీలో తయారైన సరుకు నేరుగా కంపెనీలకు పోతుంది గానీ పక్క వీధిలోని మెకానిక్‌కు చేరదు. పాలు పిండే ఊళ్లోనే ప్యాకెట్టు పాలు కొనుక్కున్నట్టు.

అక్కడి నుంచి వచ్చే తెరల్లోనూ కులగోత్రాలున్నాయి. కంపెనీ ఒరిజినల్, పాత సెట్ల నుంచి ఊడదీసింది, కాపీ. కాపీ తెర చవక. రంగులు కాస్త వెలిసినట్టుంటాయి, ఎండలో సరిగా కనబడదు, మూలల్లో టచ్ మొరాయిస్తుంది. పాఠాలు వినడానికి చాలనుకుంటే తప్పేమీ లేదు. ఏది వేస్తున్నాడో ముందే అడిగి, బిల్లు మీద రాయించుకోవాలి. తెల్లటి బొమ్మ పెట్టి మచ్చలు చూసుకుని, ఏదో ఒక యాప్ గుర్తును వేలితో నాలుగు మూలలకూ లాగి చూసుకుని మరీ డబ్బులివ్వాలి.

ఇక ఆ పన్నెండు వందల కాగితం. చాలా ఇళ్లలో పొరపాటు పడేది దీని దగ్గరే. కంపెనీ ఇచ్చే ఏడాది వారంటీ తయారీ లోపాలకు. దానంతటది ఛార్జింగ్ ఆగిపోయినా, తెర ఆరిపోయినా కంపెనీ బాధ్యత. చేయి జారితే మనదే బాధ్యత. ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అంటే ఆ మాటనే మరో ఏడాది పొడిగించడం. మొదటి ఏడాదిలో రానిది రెండో ఏడాదిలో ఎలా వస్తుంది? అద్దం పగలడానికి కావాల్సింది వేరే కాగితం. ‘యాక్సిడెంటల్ డ్యామేజ్’ అనో, ‘స్క్రీన్ ప్రొటెక్షన్’ అనో పేరుంటుంది. అది సాధారణంగా కొన్న నాటి నుంచే మొదలవుతుంది. పండగ రద్దీలో, వాయిదాల కాగితాల మీద సంతకాలు పెడుతున్నప్పుడు ‘రెండేళ్ల వారంటీ వేసేశాం సార్’ అంటే ఈ రెండింటిలో ఏది వేశారో అడిగేదెవరు?

పోనీ లెక్క వేద్దాం. పదిహేను వేల ట్యాబ్‌కు పొడిగింపు వారంటీ 1,200 అనుకుందాం. రెండో ఏడాదిలో పాడైతే రిపేరుకు 4,000. అంటే కొన్న ప్రతి పదిమందిలో ముగ్గురి ట్యాబ్‌లు, అదీ దానంతటవే, రెండో ఏడాదిలోనే పాడైతేనే కట్టిన డబ్బుకు సరిపోతుంది. అంతగా పాడయ్యే సరుకైతే అసలు కొననే కూడదు! కాబట్టి చవక ట్యాబ్‌కు ఈ పొడిగింపు దండగే. తెర బీమా అలా కాదు. 900 కట్టి, పగిలినప్పుడు ప్రాసెసింగ్ ఛార్జీ 500 పోగా 4,000 మిగిలేటట్టయితే, పదిమందిలో ఇద్దరు ముగ్గురికి పగిలితే గిట్టుబాటే. చిన్న పిల్లలున్న ఇంట్లో అది వింతేమీ కాదు. తెర ఖర్చే పదిహేను ఇరవై వేలయ్యే ఖరీదైన ట్యాబ్ అయితే ఆలోచించకుండా తీసుకోవచ్చు. ఎన్నిసార్లు ఇస్తారు, ఏడాది గడిచాక ఎంత శాతం కోస్తారు, రిపేరు తిరుపతిలోనా, పార్శిల్ పంపాలా... ఈ మూడూ చదివాకే సంతకం.

కాగితంలో ఉన్నదే ఇవ్వకపోతే మాత్రం ఊరుకోనక్కర్లేదు. ముందు 1915కు ఫోను. అక్కడా తెగకపోతే వినియోగదారుల కమిషన్. చిత్తూరులో ఒకటి, తిరుపతిలో ఒకటి ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు తామున్న చోటే కేసు వేయొచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బిల్లు మాత్రం పోగొట్టుకోకూడదు. థర్మల్ కాగితం మీది అచ్చు ఏడాదికే వెలిసిపోతుంది, ఫొటో తీసి పెట్టుకోవడమే మేలు.

చంద్రగిరి తల్లి ట్యాబ్‌కు లోపలి డిస్‌ప్లే బాగానే ఉందని తేలింది. అద్దం మార్చితే చాలు. బేరం కుదిరింది. మర్నాడు సాయంత్రం వస్తే రబ్బరు బ్యాండ్లు తీసి, వెలిగించి చూపించాడు.

‘‘రబ్బరు అంచుల కవరు ఒకటి ఉండాది, వేసేదా అక్కా?’’

ఆమె పిల్లాడి వంక చూసింది. ‘‘వెయ్యన్నా. మూలలు మందంగా ఉండేది వెయ్యి.’’

ట్యాబ్ చేతికి రాగానే వాడు ఆట తెరవబోయాడు. ‘‘ముందు సంచిలో పెట్టు. బస్సులో తీస్తే చూడు మల్ల!’’ అంటూనే ఆమె తువ్వాలు మళ్లీ చుట్టింది.